పదకొండో నంబరు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి, ఒక భర్త తన భార్యకు రాసిన క్షమాపణ పళ్ల డాక్టరు ఇంట్లో కంప్యూటరుకు చేరింది. డాక్టరు భార్య దాన్ని రెండుసార్లు చదివింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మేడ మీది ఇంట్లోంచి కిందనున్న క్లినిక్‌లోకి దిగింది.

రాసిన భర్తకు డాక్టరుతో గానీ, డాక్టరు భార్యతో గానీ ఏ తగాదా లేదు. ఆయన వీధి చివరి ఇంటర్నెట్ ఆఫీసు యజమాని. ఊళ్లో అందరూ ఆయనను పోస్టుమాస్టరు అంటారు. నిజానికి ఆయన ఎన్నడూ పోస్టుమాస్టరు కాదు. తపాలా ఆఫీసు వెనక గదిలో ఉత్తరాలు వీధుల వారీగా విడదీసే పనిలో చేరి, అదే గదిలో రిటైరయ్యాడు. తర్వాత భార్యతో కలిసి ఈ ఆఫీసు పెట్టాడు. ఫోన్లు ఎత్తేది ఆయన. యంత్రాలు చూసేది ఆమె.

ఆ రోజు ఆయన వేసుకున్న ప్రణాళిక చిన్నదే. పొద్దున్నే భార్యకు ఒక ఉత్తరం రాయాలి. అది చేరాలి. మధ్యాహ్నం భోజనానికి ఆమె ఇంట్లో ఉండాలి.

ఆమె ఇంట్లో లేకపోవడానికి కారణం ముందు రోజు సాయంత్రం ఆఫీసులో జరిగింది. అప్పుడు అక్కడ నలుగురున్నారు: పళ్ల డాక్టరు, ఫొటో స్టూడియో ఆయన, దర్జీ, కొత్త కనెక్షను గురించి కనుక్కోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి. మాటల్లో డాక్టరు అన్నాడు.

"మీ ఆవిడ చేసిన ఏర్పాటు భలేగా ఉందండీ. లైను కలిపామో లేదో, ఉత్తరాలు వచ్చి ఒళ్లో పడుతున్నాయి."

"ఆవిడదేముంది డాక్టరుగారూ! మీటలు నొక్కుతుంది. ఉత్తరం చేర్చే విద్య నాది. ముప్పై ఏళ్ల చెయ్యి ఇది" అన్నాడు పోస్టుమాస్టరు, చెయ్యి చూపిస్తూ.

ఆ సమయంలో ఆయన భార్య బల్ల కింద దూరి వైరు బిగిస్తోంది. బయటికి వచ్చి, మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకుని, నలుగురినీ టీ తాగుతారా అని అడిగింది. వాళ్లు వెళ్లాక ఇంటికెళ్లి సంచిలో రెండు చీరలు పెట్టుకుంది.

"ఎక్కడికి?"

"అక్కయ్య వాళ్లింటికి."

"ఎన్నాళ్లు?"

"ఉత్తరం చేర్చే విద్య మీదేగా. ఒకటి రాసి నాకు చేర్చండి. చేరిన పూట వస్తాను."

వెళ్తూ వెళ్తూ ఆఫీసు తలుపు మీద ఒక కాగితం అంటించింది. లైను పాడైతే ఫలానా నంబరుకు ఫోను చెయ్యండి అని. అది అక్కయ్య ఇంటి నంబరు. ఆ ఇల్లు పక్క వీధిలోనే ఉంది.

పోస్టుమాస్టరు పొద్దున్నే ముందు ఆ నంబరుకే ఫోను చేశాడు. వదినగారు ఎత్తింది.

"దానికివ్వను మరిదిగారూ. ఫోన్లో మాట్లాడదట. ఏదన్నా ఉంటే రాసి పంపమంది."

"పక్క వీధే కదా వదినగారూ, నేనే వచ్చి చేతికిస్తే?"

"చేతికిస్తే విద్య ఎక్కడుందీ అంటోంది" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఇక్కడ ఆ ఆఫీసు పని గురించి కొంత చెప్పాలి. ఇంటర్నెట్ కావాలనుకున్నప్పుడు ఖాతాదారులు ఫోను లైను మీద ఆఫీసుకు కలుపుకుంటారు. కలిపినవారికి ఆ కాసేపటికి ఒక నంబరు దొరుకుతుంది. అదే వాళ్ల చిరునామా. పని అయి లైను తీసేస్తే ఆ నంబరు ఖాళీ అవుతుంది. తర్వాత కలిపినవారికి అదే వెళ్తుంది. లాడ్జిలో గది లాంటిది. పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఇంకొకరిది. ఖాతాదారుల ఉత్తరాలు ఆఫీసులో ఆగి ఉంటాయి. ఎవరు లైను కలిపితే వాళ్లవి, ఆ క్షణాన వాళ్లున్న నంబరుకు వెళ్లిపోతాయి. ఈ ఏర్పాటు మొత్తం పోస్టుమాస్టరు భార్య రాసింది. రాసిన ప్రతి ఆదేశం పక్కనా, అది ఏం చేస్తుందో మామూలు మాటల్లో రాసి పెట్టుకుంది. అందులో రెండు ఇవి: 'నంబరు మారిందేమో చూడు'. 'ఇచ్చే ముందు ఎవరో అడుగు'.

ఖాతాదారుల ఇళ్లలోని కంప్యూటర్లు మాత్రం ఏమీ అడగవు. ఎవరి పేరు మీద వచ్చినా తీసుకుని, లోపలి మాటలు మాత్రమే చూపిస్తాయి. అలా పెట్టింది కూడా ఆమే. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పేరు కావాలని జనం రోజూ ఫోను చేసేవారు. ఫొటో స్టూడియో ఆయన తన పిల్లికి కూడా ఒక పేరు అడిగాడు.

తొమ్మిది గంటలకు వదినగారి ఇంటి లైను కలిసింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. వేరే ఊళ్లో ఉన్న ఒకాయనతో మెయిలు మీద చదరంగం ఆడుతుంది. రోజుకొక ఎత్తు. తెర మీద ఆవిడ పేరు పక్కన పదకొండు అని కనబడగానే పోస్టుమాస్టరు తన ఉత్తరాన్ని పంపాడు. అది వెనక్కి వచ్చింది. లైను వదినగారిది, ఉత్తరం మీద పేరు భార్యది. రెండూ కలవడం లేదని ఏర్పాటు ఆపేసింది.

పోస్టుమాస్టరు తన భార్య రాసిన ఆదేశాలు తెరిచి చదివాడు.

"'ఎవరో అడుగు' అట. ఇంటికి ఉత్తరం తీసుకెళ్లి, ఏమమ్మా నువ్వెవరని అడుగుతామా?" అని ఆ వాక్యం కొట్టేశాడు. తర్వాత రెండోది కనిపించింది. "'నంబరు మారిందేమో చూడు' అట. ఇల్లు లేచి నడిచిపోతుందా?" అని దాన్నీ కొట్టేశాడు.

ముప్పై ఏళ్లు ఆయన చేతి మీదుగా పోయిన ఉత్తరాల్లో మనుషులు మారారు గానీ ఇంటి నంబర్లు మారలేదు. ఆ అనుభవంతో పదకొండు పక్కన వదినగారిల్లు అని స్థిరంగా రాశాడు. అంతటితో ఆగినా బాగుండేది. చెయ్యి పడ్డాక పని సగంలో వదిలే అలవాటు ఆయనకు లేదు. ఆ వేళకు లైనులో ఉన్నవారి పేర్లన్నీ వాళ్ల వాళ్ల నంబర్ల పక్కన రాశాడు. మిగిలినవారికి ఖాళీ నంబర్లు తనే పంచిపెట్టాడు. వీధుల వారీగా పంచాడు.

ఈలోగా వదినగారు ఎత్తు రాలేదని చూసుకుని లైను తీసేసింది. పదకొండో నంబరు ఖాళీ అయింది. తర్వాత లైను కలిపింది డాక్టరు భార్య. పోస్టుమాస్టరు మళ్లీ పంపిన ఉత్తరం ఆమెకు చేరింది.

ఉత్తరంలో ఉన్నది ఇది: 'నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను. అనేశాక నాకే నోరు చేదయింది. రాత్రి నిద్ర పట్టలేదు. కోపం తగ్గించుకో. నీవాడు.'

క్లినిక్‌లో డాక్టరు ఒక పేషెంటు నోట్లో అద్దం పెట్టి చూస్తున్నాడు.

"ఏమండీ. మీరు రాసింది చదివాను."

పెళ్లయినప్పటి నుంచి డాక్టరు మందుల చీటీ తప్ప ఏదీ రాయలేదు.

"ఏది?"

"అదేనండీ. మొన్న మీ తమ్ముళ్ల ముందు నా కారు నడపడం గురించి అన్నారే. నలుగురిలో చిన్నబుచ్చానని రాశారుగా."

డాక్టరు తన భార్య ముఖం చూశాడు. అద్దం చూశాడు.

"ఆఁ. అవును. అదే" అన్నాడు.

నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు ఏదో అనబోయాడు. డాక్టరు అద్దాన్ని కాస్త లోపలికి నొక్కాడు.

పరాయి మనిషి ముందు మిగతాది చెప్పలేక డాక్టరు భార్య మేడ మీదికి వెళ్లి జవాబు రాసింది: 'నేనూ ఆ రోజు తలుపు విసిరాను. తప్పే. మీ అమ్మగారిని కూడా తీసుకురండి. ఈసారి బాగా చూసుకుంటాను.'

ఆ జవాబు పదకొండో నంబరు నుంచి ఆఫీసుకు వచ్చింది. పదకొండు అంటే వదినగారిల్లని పోస్టుమాస్టరు స్వహస్తాలతో రాసుకున్నాడు. మొదటి వాక్యం చదివి కుర్చీలోంచి లేచాడు. చివరిది చదివి మళ్లీ కూర్చున్నాడు. ఆయన తల్లి పోయి పదేళ్లు దాటింది.

భార్యకు ఇంకా కోపం తగ్గలేదా, లేక తగ్గినందుకే ఇలా అడుగుతోందా అన్నది ఆయనకు తేలలేదు. బతికున్న రోజుల్లో అత్తాకోడళ్లకు ఒక్క పూట పడలేదు. ఆలోచించి జవాబు రాశాడు: 'అమ్మను ఎక్కడి నుంచి తీసుకురమ్మంటావు? ఫొటో ఒకటుంది. తెమ్మంటే తెస్తాను.'

అప్పటికి డాక్టరు భార్య లైను తీసేసింది. పదకొండో నంబరు ఫొటో స్టూడియోకు వెళ్లింది. ఇలాంటి ఉత్తరాలు స్టూడియోకు కొత్త కాదు. ఆయన వెంటనే జవాబిచ్చాడు: 'తీసుకురండి. పాతదైనా ఫరవాలేదు. గోడకా, బల్ల మీదకా? సైజు చెప్పండి.'

పోస్టుమాస్టరు దాన్ని చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అత్తగారి ఫొటో గోడకు పెట్టుకుంటానని కోడలు తనంతట తాను అడిగింది. ఇంటికి వెళ్లి, స్టూలు వేసుకుని, గోడ మీది ఫొటో దింపి, తువ్వాలులో చుట్టి ఆఫీసుకు తెచ్చాడు. తాళం తీస్తుండగానే ఫోను మోగుతోంది. దర్జీ.

"పోస్టుమాస్టరు గారూ, నాకేదో బెదిరింపు ఉత్తరం వచ్చిందండీ. 'మీ గుర్రాన్ని తీసేశాను. మీ రాజుకిక కదలడానికి చోటు లేదు. ఒప్పుకోండి' అని ఉంది."

"నీకు గుర్రముందా?"

"సైకిలుందండీ. లోపల పెట్టి తాళం వేశాను. ఒప్పుకోమంటే ఏం ఒప్పుకోవాలండీ? పండక్కని తీసుకున్న జాకెట్టు గుడ్డలు నాలుగు ఇంకా కుట్టలేదు, అదేనా?"

"లైను చూస్తామండీ" అన్నాడు పోస్టుమాస్టరు. ఏ ఫోనుకైనా ఆయన చెప్పేది అదే.

పెట్టగానే మళ్లీ మోగింది. ఈసారి వదినగారు.

"మరిదిగారూ, రేపు పొద్దున నాకు జ్ఞానదంతం పీకుతారట, రాత్రి ఏమీ తినకుండా రమ్మని ఉత్తరమొచ్చింది. నావి కట్టుడు పళ్లు. పీకేదేదో నేనే తీసి ఇస్తానని చెప్పండి. అది సరే, నా చదరంగం ఎత్తు ఏమయింది?"

పోస్టుమాస్టరుకు దర్జీ గుర్రం గుర్తొచ్చింది. కానీ అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది.

"ఎత్తు సంగతి తర్వాత వదినగారూ. అమ్మ ఫొటో తెస్తున్నానని దానితో చెప్పండి."

"ఎవరి అమ్మ?"

"మా అమ్మ."

"ఎందుకు?"

"అదే అడిగిందిగా. సైజు కూడా అడిగింది."

ఆవిడ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి లోపలికేదో అడిగింది. తిరిగి వచ్చింది.

"అడగలేదంటోంది. మీ దగ్గర్నుంచి అసలు ఒక్క ఉత్తరమూ రాలేదంటోంది. ఇంకోటి కూడా చెప్పమంది. డాక్టరుగారి ఉత్తరం ఈ ఇంటికి వచ్చిందంటే, తను రాసిన వాటిలో ఏదో చెయ్యి పెట్టారట. ఏది?"

పోస్టుమాస్టరు ఫోను పెట్టేశాడు. భార్యకు క్షమాపణ చేరలేదు. చేరే దారి తనే తవ్వేశాడు. కొట్టేసిన వాక్యాల పక్కన మాటలు ఆయనకు గుర్తున్నాయి గానీ అసలు ఆదేశాలు గుర్తులేవు. తిరిగి రాయగలిగేది ఒక్కరే. ఆవిడ పక్క వీధిలో ఉత్తరం కోసం ఎదురుచూస్తోంది.

తపాలా ఆఫీసులో ఇలాంటి వాటికి ఒక పద్ధతి ఉండేది. వీధి పేరు ఉండి ఇంటి నంబరు చెరిగిపోతే, ఆ ఉత్తరాన్ని వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా చూపించేవారు. పోస్టుమాస్టరు కూర్చుని ఉత్తరాన్ని మళ్లీ రాశాడు. ఈసారి ఏ గుమ్మంలో తెరిచినా ఎవరిదో తెలియాలని వివరంగా రాశాడు. ఆ సాయంత్రం దాకా ఎవరు లైను కలిపినా, ఏ నంబరులో కలిపినా అది వెళ్లేలా పెట్టాడు. భార్య ఎప్పుడో ఒకప్పుడు లైనులోకి రాకపోతుందా అన్నది ఆయన లెక్క. తర్వాత ఆఫీసుకు తాళం వేసి, వీధి మలుపు దగ్గర నిలబడ్డాడు. అక్కడి నుంచి వదినగారి గుమ్మం కనబడుతుంది.

వదినగారింట్లో ఆ మధ్యాహ్నం ఎవరూ లైను కలపలేదు. కలపడానికి ఫోను ఖాళీగా లేదు.

మొదటి ఫోను డాక్టరుది. పోస్టుమాస్టరు భార్యే ఎత్తింది.

"అమ్మా, మీ ఆఫీసుకు తాళం ఉంది. తలుపు మీద ఈ నంబరుంది. మీవారి ఉత్తరమొకటి మాకొచ్చింది. చదవమంటారా?"

"చదవండి."

డాక్టరు గొంతు సవరించుకుని, ఎక్కడ నొప్పి అని అడిగే గొంతుతో చదివాడు:

'నిన్న సాయంత్రం మన ఆఫీసులో నలుగురి ముందు, ఉత్తరం చేర్చే విద్య నాదన్నాను. అది అబద్ధం. ఆ విద్య నీది. నేను ఫోనెత్తి చూస్తామండీ అంటాను. చూసేది నువ్వు. ఇవాళ పొద్దున నువ్వు రాసినదాంట్లో రెండు వాక్యాలు నాకు అక్కర్లేనివిగా కనిపించి కొట్టేశాను. ఇప్పుడు ఊళ్లో ఒక్క ఉత్తరం దారిన పోవడం లేదు. ఇంట్లో టీ పొడి దొరికింది, చక్కెర దొరకలేదు. ఇది చేరితే రా. చేరకపోయినా రా.'

ఇంతలో వెనక నుంచి డాక్టరు భార్య ఫోను లాక్కుంది.

"పిన్నిగారూ, పొద్దున కూడా ఒకటొచ్చింది, నలుగురిలో చిన్నబుచ్చానని. అది కూడా మీవారిదేనా?"

"అలాగే ఉంది."

"అంటే మావారు రాయలేదన్నమాట. మరి అవును అదే అన్నారే!"

"అన్నారా?"

"అన్నారు. పేషెంటు సాక్షి."

"తప్పని ఒప్పుకున్నారుగా. చేతిరాత ఎవరిదైతేనేం, పట్టుకోండి, వదలకండి."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత డాక్టరు భార్య గొంతు దూరంగా వినిపించింది: "సరే, ముందు మీ అమ్మగారికి ఫోను చెయ్యండి."

రెండో ఫోను స్టూడియోది. ఆయన ఉత్తరమంతా చదివి, "ఇందులో సైజు లేదేమిటండీ?" అని అడిగాడు. మూడోది దర్జీ. ఊపిరి తిప్పుకోకుండా ఒక్క కుట్టులో చదువుకుంటూ వచ్చాడు. 'చేరకపోయినా రా' దగ్గర ఆగాడు.

"ఇది మీకే అనుకుంటానమ్మా. మీరు వెళ్లడమే మంచిదని నేనంటున్నాను. మా ఆవిడ మాత్రం ఇంకో రెండ్రోజులు ఆగమంటోంది. నిన్న సాయంత్రం ఇంటికెళ్లి జరిగింది చెప్పినప్పటి నుంచీ నా మీద కూడా కోపంగానే ఉంది."

"మీ మీదెందుకు?"

"అక్కడే ఉండి ఏమీ అనలేదని."

నిన్నటి నలుగురిలో నాలుగో పెద్దమనిషికి ఇంకా కనెక్షను లేదు. దర్జీ ఆయన ఇంటికి సైకిలు మీద వెళ్లి నోటితో చెప్పి వచ్చాడు. ఆ తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు. వదినగారు కుర్చీ తెచ్చి చెల్లెలికి ఫోను పక్కన వేసింది. తనూ పక్కన పీట వేసుకుని కూర్చుంది. చివరికి చదవడానికి ఫోను చేసినవాళ్లు ఒక్కో వాక్యం మొదలుపెడితే మిగతాది ఆవిడే అందించడం మొదలుపెట్టింది.

నాలుగున్నరకు తలుపు చప్పుడైంది. మలుపు దగ్గర నిలబడి నిలబడి పోస్టుమాస్టరు వచ్చాడు. పొద్దున చంకన పెట్టిన తువ్వాలు మూట ఇంకా చంకనే ఉంది.

"ఉత్తరం చేరిందా?" అని అడిగాడు గుమ్మంలోంచే.

"చేరలేదు" అంది భార్య.

ఆయన చంకలో మూట సర్దుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"మళ్లీ రాస్తాను. ఈసారి ఏదీ ముట్టుకోను."

"ఆగండి. నాకు తప్ప ఊళ్లో అందరికీ చేరింది."

"అదేనే, అదే నా తిప్పలు. నీ ఒక్కదానికి చెప్పాలని రాస్తే ఊరంతా పోయింది. నన్ను చూసి కూరగాయలమ్మే ఆవిడ కూడా 'చక్కెర పై అరలో చూడండి' అంది."

"పై అరలో కాదు, పప్పు డబ్బా వెనక ఉంది." ఆమె లేచి సంచి అందుకుంది. "నాకు విడిగా చేరి ఉంటే నేను వచ్చేదాన్ని కాదు."

"ఎందుకు? చేరితే వస్తానన్నావుగా?"

"అన్నాను. రాత్రి ఆలోచించాను. మీరు నన్నన్నది నలుగురిలో. తప్పని చెప్పేది నా చెవిలోనా? ఎలాగూ మీరు అలాగే చేస్తారు, చదివి ఊరుకుందామనుకున్నాను." ఆమె చెప్పులు వేసుకుంది. "నలుగురూ ఫోను చేశారు. ముగ్గురు చదివారు. నాలుగో ఆయన మాత్రం కనెక్షను కావాలన్నాడు, అదీ నేను వచ్చి పెడితేనేనట."

"మరి ఊరందరి నోటా..."

"దర్జీ బాగా చదివాడు."

"రాసింది నేనే."

"అది బాగానే రాశారు" అంది ఆమె. "అత్తయ్యనెందుకు తీసుకొచ్చారు?"

పోస్టుమాస్టరు చంకలో మూట చూసుకున్నాడు. ఆమె మూట తీసుకుంది. తువ్వాలు కొస తొలగించి చూసింది. మళ్లీ కప్పింది.

"జాగ్రత్తగా నడవండి, అద్దం పగులుతుంది" అని తన సంచి ఆయన చేతికిచ్చి, ఫొటో తను పట్టుకుంది.

"మరిదిగారూ, నా ఎత్తు!" అని వదినగారు వెనక నుంచి కేక వేసింది.

"మీ గుర్రం పోయింది వదినగారూ" అన్నాడు ఆయన. "దర్జీ దగ్గరుంది."

ఆరు గంటలకు ఆమె ఆఫీసులో కూర్చుని కొట్టేసిన ఆదేశాలు తిరిగి రాసింది. పోస్టుమాస్టరు పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. టార్చి అవసరం లేదని ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి ఎవరి ఉత్తరాలు వాళ్లకే చేరుతున్నాయి.

దీని మీద ఇప్పటివరకు రెండు ఫిర్యాదులు అందాయి: అలాంటి ఉత్తరాలు మళ్లీ రావడం లేదని డాక్టరు భార్యది, ఆ రాజు ఏమయ్యాడో తెలియలేదని దర్జీది.